సాక్షి లేని అర్థం

నా వ్యాసాల పుస్తకం బైండింగు ఎంతవరకు వచ్చిందో చూద్దామని మొన్న ప్రెస్సుకి వెళ్ళాను. వెనక వసారాలో బైండరు పాత డబ్బాలో మైదా జిగురు ఉడికిస్తున్నాడు. పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం వేసి పుల్లతో తిప్పాడు. ఆ వాసన ముక్కుకి తగలగానే నా వయసు ఇరవైమూడుకి దిగిపోయింది. వేళ్ళ నిండా సిరా, ఎదురుగా బల్ల మీద చెడిపోయిన పుస్తకం, ఆ బల్లకి అవతల చిరునవ్వుతో కృపానందం మాస్టారు. ఆయన్ని మీలో ఎవరూ చూసి ఉండరు. ఆయన ఏ సభలోనూ మాట్లాడలేదు, ఏ పత్రికలోనూ రాయలేదు. అయినా నేను రాసిన ప్రతి వ్యాసంలోనూ ఆయన చెయ్యి కొంత ఉంది. నాకు వాదించడం నేర్పింది ఆయనే. అప్పటికి ఆ విద్య నాకు బాగా వచ్చుననే నా నమ్మకం.

యాభైల మొదట్లో మాట. కొత్తపేటకి మూడు మైళ్ళ అవతల, కాలవ గట్టున ఉన్న హైస్కూల్లో ఇంగ్లీషు అసిస్టెంటుగా చేరాను. రాజమండ్రిలో చదువుకున్నన్నాళ్ళూ పాఠాలకంటే సభలే ఎక్కువ విన్నవాణ్ణి. వితంతు వివాహం, సహపంక్తి భోజనం, జాతకాల బూటకం, ఏ విషయం ఇచ్చినా అరగంట ఆగకుండా మాట్లాడగలను. ఎదుటివాడు చెప్పేది అర నిమిషం వినడం మాత్రం నా వల్ల అయ్యేది కాదు. చేరిన మొదటి వారంలోనే స్టాఫు రూములో తెలుగు పండితుడిగారితో ముహూర్తాల మీద, డ్రాయింగు మాస్టారితో దిష్టి మీద పోట్లాడి ఇద్దర్నీ దూరం చేసుకున్నాను. గెలిచానని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా.

కృపానందంగారు మా ఫస్ట్ అసిస్టెంటు, హెడ్మాస్టరు తర్వాత ఆయనే. నలభై అయిదు దాటిన మనిషి, మంచి పొడుగు, మంచి నలుపు. తెల్ల పంచె మీద నల్ల అల్పాకా కోటు వేసుకునేవారు. "ఈ కోటు చెయ్యి ఎక్కడ ఆఖరయ్యిందో, నా చెయ్యి ఎక్కడ మొదలయ్యిందో దర్జీక్కూడా తెలీలేదండి, పాపం మూడుసార్లు కొలిచేడు" అని తన మీద తనే జోకు వేసుకునేవారు. వాళ్ళ తాతగారు ఆసాముల చేలల్లో పాలేరు. మిషను వాళ్ళ దగ్గర బాప్తిస్మం తీసుకున్నారు. తండ్రి జీవితాంతం నాట్లు వేస్తూ, కోతలు కోస్తూ ఈయన్ని బి.ఏ. దాకా చదివించారు. ఆ తాలూకాలో ఆయనంత ఇంగ్లీషు వచ్చినవాళ్ళు మరొకరు లేరని హెడ్మాస్టరుగారే ఒప్పుకునేవారు. అందరూ వెళ్ళిపోయారో లేదో చూసుకుని.

ఆయనకి ఒక పద్ధతి ఉండేది. కొత్త ఇంగ్లీషు మాట వస్తే దాని అర్థాలన్నీ బోర్డు మీద రాసేవారు. ఒక్కొక్క అర్థానికి పిల్లలు ఒక్కొక్క సాక్షిని తేవాలి. ఆ సాక్షి బడి నుంచి నడిచి వెళ్ళి చూసి రాగలిగినంత దూరంలో ఉండాలి. సాక్షి దొరికిన అర్థం పక్కన టిక్కు పెట్టేవారు. దొరకని అర్థం పక్కన "వాయిదా" అని రాసేవారు. సాక్షి లేని అర్థం ఆయన క్లాసులో చెల్లేది కాదు. ఆదివారం చర్చిలో గొంతెత్తి పాడే మనిషి సోమవారం ఇంత ఖచ్చితంగా రుజువు అడగడం నాకు వింతగా ఉండేది. ఉండబట్టలేక ఒకరోజు అడిగేశాను. "మరి దేవుడికి సాక్షి ఎవరండీ?" ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఆ కేసు ఇంకా వాయిదాల్లోనే ఉందండి సత్యంగారూ. తీర్పు వచ్చేక తమరికి కబురు చేస్తాను" అన్నారు. నేను దాచుకున్న ఉపన్యాసం నోట్లోనే ఉండిపోయింది.

ఆ పద్ధతి అప్పుడప్పుడు ప్రమాదాలు తెచ్చేది. ఒకసారి ఫోర్తు ఫారంలో 'బ్లాక్ మార్కెట్' వచ్చింది. సరుకుల మీద సర్కారు కంట్రోళ్ళు ఇంకా పూర్తిగా తీసెయ్యని రోజులు. సాక్షి ఎవరని అడిగితే ముందు బల్లలో ఒక కుర్రాడు లేచి, ఎంతో వినయంగా, "మా మావయ్యండి. కిరసనాయిలు దొడ్లో గడ్డివాము కింద పెట్టేడండి" అన్నాడు. మర్నాడు ఆ మావయ్య, బజార్లో కొట్టున్న ఆసామి, చేతికర్ర పుచ్చుకుని బడికి వచ్చాడు. మేమంతా కిటికీల దగ్గర చేరాం. కృపానందంగారు ఆయనకి తన కుర్చీ ఇచ్చి, తను నిలబడే మాట్లాడారు.

"మీ మేనల్లుడు అబద్ధం చెప్పేడాండి?"

"అబద్ధమని కాదండి. అయితే మాత్రం బళ్ళో చెప్పచ్చాండి?"

"ఆయ్, అదీ నిజమేనండి. మరి వాణ్ణి ఏం చెయ్యమంటారు? ఇక మీదట అబద్ధమే చెప్పమందామా?"

ఆసామి కర్ర చంకలో పెట్టుకున్నాడు. చివరికి, "వద్దులెండి. చదువుకునేవోడు కదా. నేనే ఏదో చూసుకుంటాను" అని లేచాడు. కిరసనాయిలు ఎక్కడికి మారిందో మాకు తెలియదు గాని, ఆ కుర్రాడికి దెబ్బలు మాత్రం పడలేదు.

ఆ మాటే, 'బ్లాక్' అనే ఆ చిన్న మాటే, మరుసటి ఏడు నన్ను ముంచింది. ఫిఫ్తు ఫారంలో నా క్లాసు. పాఠంలో 'బ్లాక్ షీప్' అని వచ్చింది, ఇంటికి చెడ్డపేరు తెచ్చేవాడని చెప్పాను. మునసబుగారి అబ్బాయి భాస్కరం లేచి, "ఆ మాటకి ఇంకా అర్థాలున్నాయాండి?" అన్నాడు. వాడికి జిజ్ఞాస పుట్టిందని మురిసిపోయి లైబ్రరీ నుంచి పెద్ద డిక్షనరీ తెప్పించాను. ఎవరో దాత ఇచ్చిన పుస్తకం అది, మోయడానికి ఇద్దరు కావాలి. భాస్కరం పేజీ తీసి గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. మురికిది. దుష్టమైనది. అశుభమైనది. సిగ్గుచేటైనది. ఒక్కొక్క అర్థం చదివినప్పుడల్లా తల తిప్పి ఆడపిల్లల బల్ల వైపు చూస్తున్నాడు. అక్కడ పడవ సరంగు కూతురు నూకరత్నం కూర్చుని ఉంది. క్లాసులో అందరికంటే నల్లగా ఉండేది ఆ అమ్మాయే. నాలుగో అర్థానికి క్లాసంతా నవ్వింది. నూకరత్నం తల ఎత్తలేదు. నాకు సంగతి తెలిసేసరికి గంట కొట్టారు.

ఆ సాయంత్రం నా కోపం ఎలాంటిదో ఇప్పుడు చెబితే నాకే నవ్వొస్తుంది. తెల్లవాడు రాసుకున్న పుస్తకంలో నలుపుకి ఇన్ని తిట్లా, ఆ తిట్లు మన పిల్లల నోట నేను పలికించడమా అని రగిలిపోయాను. కృపానందంగారి దగ్గరికి వెళ్ళి లైబ్రరీ తాళంచెవి అడిగాను. ఎందుకని కూడా అడక్కుండా ఇచ్చారు. లోపల కూర్చుని, ఆ పేజీ తీసి, సిరాబుడ్డిలో పుల్ల కలం ముంచి ముంచి, ఏడు వరుసలు నల్లగా కొట్టేశాను. ఒక్క అక్షరం కనబడకూడదని పైనుంచి మళ్ళీ పూశాను. ఒక అన్యాయాన్ని ఈ భూమి మీద లేకుండా చేశానన్న తృప్తితో పుస్తకం మూసి, తాళం వేసి, ఈల వేసుకుంటూ బసకి వెళ్ళాను.

మర్నాడు మధ్యాహ్నం కృపానందంగారు నన్ను లైబ్రరీ గదిలోకి పిలిచారు. పుస్తకం తెరిచి ఉంది.

"మీరేనాండి?"

"ఆయ్, నేనేనండి" అన్నాను, ఛాతీ విరుచుకుని.

ఆయన నెమ్మదిగా పేజీ తిప్పి చూపించారు. సిరా కాగితంలోంచి వెనక్కి దిగిపోయింది. అవతలి వైపు పది పన్నెండు మాటలు మడుగులో కలిసిపోయాయి. "చెడ్డ అర్థాల సంగతి సరేనండి. వెనక పేజీలో కమ్మరి ఉన్నాడు, 'బ్లాక్‌స్మిత్'. ఇతనేం పాపం చేసేడండీ? కొలిమి దగ్గర పని చేసుకుంటూంటే ముంచేసేరు" అన్నారు. నేను నవ్వలేదు. ఆయన మొదటి పేజీ తీసి, పెద్ద గుండ్రటి ఊదా ముద్ర మీద వేలు పెట్టారు. పాఠశాల ఆస్తి. అప్పుడు గుర్తుకొచ్చింది. లైబ్రరీకి జవాబుదారీ ఆయన. పది రోజుల్లో ఇనస్పెక్షను. హెడ్మాస్టరు పదవికి ఆయన పేరు అప్పటికి రెండుసార్లు పైకి వెళ్ళి రెండుసార్లూ వెనక్కి వచ్చింది. పాలేరు మనవడు హెడ్మాస్టరు కుర్చీలో కూర్చోవడం గిట్టనివాళ్ళు కొందరు పైదాకా వెళ్ళి అడ్డం పడ్డారని స్టాఫు రూములో అందరికీ తెలుసు. మూడోసారి అంతా ఈ ఇనస్పెక్టరుగారి రిపోర్టు మీద ఉంది. ఈయన మీద వేలెత్తి చూపడానికి కాచుకున్నవాళ్ళ చేతికి, ఈయన పక్షం వాణ్ణని చెప్పుకునే నేను, ఒక మంచి నల్ల మచ్చ తీసుకెళ్ళి ఇచ్చాను.

హెడ్మాస్టరుగారికి చెప్పక తప్పలేదు. ఆయన అప్పటికే బడికి వెల్ల వేయించే హడావుడిలో ఉన్నారు. మా దగ్గర ఇనస్పెక్షనంటే ముందు గోడలకి, చెట్ల మొదళ్ళకి వెల్ల, తర్వాతే చదువు. విని, గొంతు తగ్గించి, "ఆ పేజీ చింపేద్దురూ. ఎవరు చూస్తారు? లేదూ, బీరువా తాళం బిగుసుకుపోయిందని చెబుదాం" అన్నారు. అంధవిశ్వాసాల మీద అంత ధైర్యంగా విరుచుకుపడే నేను, అప్పుడు, "అదే మంచిదండీ" అన్నాను. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గే. కృపానందంగారు మాత్రం ఒప్పుకోలేదు. "గోడలకి వేసేరు, చెట్లకి వేసేరు. పుస్తకానికి కూడా వెల్ల వెయ్యొద్దండి" అన్నారు.

నా శిక్ష ఆయనే వేశారు. తన ఇంటి నుంచి అట్ట ఊడిపోయిన పాత డిక్షనరీ తెచ్చి నా ముందు పెట్టారు. కొట్టేసిన అర్థాలన్నీ, ఒక్కటీ వదలకుండా, మంచి కాగితం మీద గుండ్రటి దస్తూరీతో నేను తిరిగి రాయాలి. వెనక పేజీలో మునిగిపోయిన మాటలు కూడా. ఆ చీటీలు పేజీ మీద అంటించాలి. జిగురు ఆయనే ఉడికించారు, ఇందాక నేను చెప్పిన వాసన అదే. నేను కలం పట్టుకుని మొరాయించాను.

"దుష్టమైనదని నా చేత్తో నేను రాయాలాండి? ఈ రాత మీకు కోపం తెప్పించదా?"

"నాకా?" అని ఆయన జిగురు తిప్పడం ఆపారు. "మిషను హాస్టల్లో ఉన్నప్పుడు పాపం నల్లనిదని, అది కడిగితే తెల్లగా అవుతామని చెప్పేవారండి. ఎనిమిదేళ్ళవాణ్ణి, నిజమే అనుకున్నాను. బాప్తిస్మం అయ్యేక రోజూ బావిలోకి వంగి చూసుకునేవాణ్ణి. ఆరు నెలలు చూసేను. తర్వాత సబ్బు మార్చి చూసేను." ఆయనే నవ్వారు. మళ్ళీ జిగురు తిప్పుతూ అన్నారు. "ఆ మాట ఎవరూ నా ముందు అనకుండా దాచి ఉంటే, అది తప్పని కనిపెట్టే అవకాశం నాకు ఉండేది కాదండి. ఉన్నది ఉన్నట్టు పూర్తిగా రాయండి. పక్కన మాత్రం బాగా చోటు వదలండి."

ఆ చోటు పిల్లల కోసం. మరునాడు ఆయనే నా క్లాసుకి వచ్చి బోర్డు మీద 'బ్లాక్' అని రాశారు. సుద్దముక్క ఎత్తి చూపించి, "ఈ బోర్డు నల్లగా ఉండబట్టి కదా ఇతగాడికి ఉద్యోగం" అన్నారు. క్లాసు నవ్వింది. ఒకరోజు మానేసి వచ్చిన నూకరత్నం నవ్వలేదు. ఆయన మామూలుగానే అర్థాలన్నీ రాసి, సాక్షుల్ని తెమ్మన్నారు. 'దుష్టమైనది' అన్న అర్థానికి సాక్షిని తెచ్చే పని భాస్కరానికి అప్పగించారు. చెడ్డ పని చేసిన నల్లటి దాన్ని ఒకదాన్ని చూపించాలి, అంతే. వాడు తేలికే అనుకున్నాడు. మర్నాడే వచ్చాడు.

"కాకండి. మా అమ్మ ఎండబెట్టిన అప్పడాలు ఎత్తుకుపోయిందండి."

"అప్పడాలు కోతి ఎత్తుకుపోలేదుట్రా ఎప్పుడూ?"

"పోయిందండి."

"కోతి నల్లగా ఉంటుందా?"

"ఉండదండి."

"అయితే ఎత్తుకుపోయింది నలుపా, ఆకలా?"

వాడు కూర్చున్నాడు. తర్వాత గేదెని తెచ్చాడు, తేలుని తెచ్చాడు, తాతగారి ముక్కుపొడి డబ్బా తెచ్చాడు. ఏదీ నిలబడలేదు. వారం రోజులు ఊరంతా తిరిగాడు. ఈలోగా మిగతా పిల్లలు ఆ అర్థాలకి ఎదురు సాక్షుల్ని తెచ్చి చీటీ పక్కన తమ చేత్తోనే రాస్తున్నారు. నారుమడికి నీళ్ళిచ్చే మబ్బు నలుపు అని ఒకడు. మా అమ్మ మెడలో పూసలు నలుపు, అవి లేకపోతేనే అశుభం అంటారు అని ఒక అమ్మాయి. నూకరత్నం అందరికంటే ఆఖర్ని వచ్చింది. కలం తీసుకుని రాసింది. "మా నాన్న పడవ అడుగు నలుపు. తారు పూస్తాం. అందుకని మునగదు." ఏడో రోజున భాస్కరం వచ్చి, ఆ అమ్మాయి రాసిన దాని కింద, ఎవరూ చెప్పకుండానే తన మాట రాశాడు. ఏం రాశాడో నేను తర్వాత చూశాను.

ఇనస్పెక్టరుగారు వచ్చారు. గోడల వెల్ల ఆయన కోటుకి అంటుకుంది. లైబ్రరీలో ఆయనకొక అలవాటు ఉండేదట. అన్నిటికంటే పెద్ద పుస్తకం తీసి బల్ల మీద పెట్టి, దాన్ని దానంతట అదే తెరుచుకోనిచ్చేవారు. ఎవరైనా చదివిన పేజీ ఉంటే పుస్తకమే చెబుతుందని ఆయన నమ్మకం. చీటీల మందానికి మా డిక్షనరీ నేరుగా అక్కడే తెరుచుకుంది. గదిలో హెడ్మాస్టరుగారు, కృపానందంగారు, నేను.

"ఏమిటండీ ఇది?"

హెడ్మాస్టరుగారు గొంతు సవరించుకుని, "లైబ్రరీ కృపానందంగారి చేతిలో ఉందండి" అన్నారు.

"అవునండి. బాధ్యత నాదేనండి. రాసుకోండి" అన్నారు కృపానందంగారు.

నేను లేచాను. "కొట్టేసింది నేనండి. తాళంచెవి ఎందుకని కూడా ఆయన అడగలేదండి."

"ఎందుకు కొట్టేశారు?"

ఆ ప్రశ్నకి నా దగ్గర అరగంట ఉపన్యాసం సిద్ధంగా ఉంది. తెల్లవాడి భాష, పరాధీన బుద్ధి, అన్నీ నాలుక చివరకి వచ్చాయి. కృపానందంగారి వైపు చూశాను. ఆయన కిటికీలోంచి కాలవ చూస్తున్నారు. "కోపం వచ్చిందండి. తప్పు చేశాను" అన్నాను. నా జీవితంలో అంత చిన్న ఉపన్యాసం అదే.

ఇనస్పెక్టరుగారు కళ్ళజోడు సవరించుకుని నా చీటీలు చదివారు, పక్కన పిల్లల రాతలు చదివారు. చివరి రాత దగ్గర ఆగి, పైకి చదివారు. "ఏడు రోజులు వెతికాను. సాక్షి దొరకలేదు. భాస్కరం, ఫిఫ్తు ఫారం." మళ్ళీ దాని పై వాక్యం చదివి, "ఈ పడవ అమ్మాయి ఎవరు?" అన్నారు. పిలిపించాం. నూకరత్నం వచ్చి గుమ్మంలో నిలబడింది.

"తారు లేకపోతే పడవ మునుగుతుందా అమ్మా?"

"చెక్క నానిపోద్దండి. ఏటా పుయ్యాలండి. ఈసారి నేనే పూసేను. కావాలంటే రేవులో ఉందండి, తమరు ఎక్కి చూడొచ్చు."

"నువ్వూ సాక్షి దగ్గరికి నన్ను నడిపిస్తున్నావే" అని ఆయన నవ్వారు. ఆ సాయంత్రం నిజంగానే ఆ పడవలో అవతలి గట్టుకి వెళ్ళారు. నాకు మందలింపు మెమో వచ్చింది. నా సర్వీసు రికార్డులో కడదాకా ఉంది. రిపోర్టులో లైబ్రరీ గురించి ఆయన రెండే వాక్యాలు రాశారని హెడ్మాస్టరుగారు చూపించారు. ఇక్కడ ఒక పుస్తకం పాడైంది. ఈ లైబ్రరీలో ఎవరైనా చదివిన ఆనవాళ్ళున్న పుస్తకం కూడా అదొక్కటే.

జూన్‌లో కృపానందంగారికి అమలాపురం తాలూకాలో ఒక హైస్కూలుకి హెడ్మాస్టరుగా ఆర్డరు వచ్చింది. సామాను పడవలో వెళ్ళింది. రేవులో నేను ఏదో గంభీరంగా అనబోతే, "మీ మెమో కూడా దాచుకోండి సత్యంగారూ. కొట్టెయ్యకండి" అని పడవెక్కారు. తర్వాత పదేళ్ళ దాకా నా వ్యాసం ప్రతిదీ ముందు ఆయనకే పంపేవాణ్ణి. ఆయన దాన్ని ఎప్పుడూ మెచ్చుకోలేదు. ఒకే ప్రశ్న రాసి వెనక్కి పంపేవారు. "ఎదుటివారి మాట ఏదండీ? నాకు మీదే కనపడుతోంది." నేను తిట్టుకుంటూ మళ్ళీ మొదలుపెట్టేవాణ్ణి. ఎదుటివాడి వాదం, వాడు కూడా అంత బాగా చెప్పుకోలేనంత బాగా, పూర్తిగా, గుండ్రటి దస్తూరీతో రాసేవాణ్ణి. అలా రాస్తూండగా ఎన్నోసార్లు నా కోపంలో సగం ఉత్తదని తేలిపోయేది. మిగిలిన సగం మాత్రం దేనికీ లొంగేది కాదు.

ఆయన ఇప్పుడు లేరు. నా అలవాటు మారలేదు. పోయిన నెల జాతకాల మీద ఒక వ్యాసం పంపితే పత్రిక సంపాదకుడు, నాకంటే ముప్ఫై ఏళ్ళు చిన్నవాడు, ఫోను చేశాడు. "ఏమండీ, మొదటి నాలుగు పేజీలూ చదివితే మీరు జ్యోతిష్కుల్లో కలిసిపోయినట్టుందండీ. పెద్దతనం వచ్చి మెత్తబడ్డారా?"

"లేదు నాయనా," అన్నాను, "అయిదో పేజీ చదువు. సాక్షుల్ని పిలిచాను."